ఒక్క చెరువు నత్త

మా అన్నయ్య ఎక్కవలసిన విమానం నేనెక్కాను. ఆయన గుండెకు కోత పడి రెండు నెలలైనా కాలేదు, ఇప్పుడు ప్రయాణమంటే నా పూచీ లేదని డాక్టరు తెగేసి చెప్పాడు. అన్నయ్య చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుని కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"ఏమే కత్తెరా, మీ వదినకు తోడు వెళ్ళు. సభలో మాట్లాడేటప్పుడు దాని ఫోటో ఒకటి తియ్యి. అక్కడి మ్యూజియంలో నా నత్తను సొరుగులో పెడతారు చూడు, అప్పుడు ఇంకొకటి తియ్యి. ఆ రెండూ చాలు నాకు" అన్నాడు.

నన్ను కత్తెర అనడం అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. ఆ పేరు నా చేతిలో ఉన్నదాన్ని చూసి పెట్టాడా, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టాడా అని ఎవరైనా అడిగితే, మిషను కొనక ముందే పెట్టానులే అంటాడు.

"నా నత్త" అన్నాడే, ముందు ఆ సంగతి చెప్పాలి. వదిన ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. అన్నయ్య బ్యాంకులో గుమాస్తా. పెళ్ళైన కొత్తలోనే అన్నయ్యను దూరంగా ఎక్కడో చిన్న బ్రాంచికి బదిలీ చేశారు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం ఇంటికొచ్చేవాడు. బ్రాంచి వెనకాలే ఒక చెరువు. పెళ్ళాం నత్తల మీద పరిశోధన చేస్తోంది కదా అని, మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకునే వేళకు ఈయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగేవాడు. ఏరిన నత్తల్ని ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. పెళ్ళానికి పూలు తెచ్చే మొగుళ్ళను చూశాం, చీరలు తెచ్చే మొగుళ్ళను చూశాం. నత్తలు తెచ్చే మొగుణ్ణి చూసే భాగ్యం మా ఇంట్లోవాళ్ళకే దక్కింది. గుమ్మంలో ఆ డబ్బా కనబడితే చాలు, మా అమ్మ ముక్కు మూసుకుని పెరట్లోకి దారి చూపించేది.

మామూలు చెరువు నత్త ఉసిరికాయంత ఎదుగుతుంది, గుల్ల నున్నగా ఉంటుంది. అన్నయ్య తెచ్చేవి బొటనవేలి గోరంతే. గుల్ల మీద మూడు వరుసలుగా సన్నటి నూగు, భుజంలా వంగే చోట చేతికి తగిలేటంత అంచు. ఎన్ని డబ్బాలు వచ్చినా అంతకు మించి పెద్దది ఒక్కటీ రాలేదు. కాబట్టి వీటి ఎదుగుదలే ఇంత, ఇది వేరే జాతి, ఇంతవరకూ ఎవరి కంటా పడనిది అని వదిన తేల్చింది. రాసి పంపితే శాస్త్రం పత్రికలో వేశారు. కొత్త జాతిని కనిపెట్టినవాళ్ళే దానికి పేరు పెట్టవచ్చట, కానీ తమ పేరు తాము పెట్టుకోవడం మర్యాద కాదట. వదిన మా అన్నయ్య పేరుకు లాటిన్ తోక తగిలించి పెట్టింది.

అన్నయ్య ఆ చెరువులో దిగడం మొదలుపెట్టిన ఏడాదే వదినకు ఏడో నెలలో కడుపు పోయింది. మళ్ళీ నిలవలేదు. చుట్టాలు పలకరింపుకు వచ్చి వంశం, వారసులు అంటూ గొణిగితే, "మా వంశం నీళ్ళలో ఈదుతోంది లెండి, మీరు కాఫీ తాగండి" అనేవాడు అన్నయ్య. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం లోపలికి వెళ్ళి ఎవరినైనా కొట్టాలనిపించేది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, అన్నయ్య రిటైరయ్యే నాటికి, బస్సు డిపో కోసం ఆ చెరువును పూడుస్తామన్నారు. అన్నయ్య అర్జీ తీసుకుని ఎక్కని గడప లేదు. ఆఫీసుల్లో బల్లల మీద కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది గానీ పని జరగలేదు. 'నత్తగుల్ల సారొచ్చాడు' అని ప్యూన్లు నవ్వుకునేవారట. చివరికి లారీలొచ్చి మట్టి పోశాయి. ఒకే ఒక్క చెరువులో బతికిన జీవి భూమ్మీద లేకుండా పోయిందని పేపర్లో రాశారు. అది చదివి, కలగజేసుకోవలసినవాళ్ళు కలగజేసుకోలేదు గానీ, యూరప్‌లో ఒక రాజధాని నగరంలో అంతరించిన జీవుల మీద సభ పెట్టినవాళ్ళు వదినను వచ్చి మాట్లాడమని పిలిచారు. అన్నయ్య గుండె మొరాయించింది ఆ పిలుపు వచ్చిన కొద్ది రోజులకే. మంచంమీద నుంచి కూడా అదే ధ్యాస. తన పేరున్న నత్త గుల్లలు కొన్ని దూదిలో చుట్టి, మాత్రల డబ్బాలో పెట్టి, ఆ దేశపు పెద్ద మ్యూజియానికి ఇమ్మని వదిన చేతికిచ్చాడు.

ఊరు బాగుంది, కాదనను. ఎటు చూసినా రాతి మేడలు, ప్రతి మేడకూ పైన ఎవరో ఒక రాతి మనిషి, అతని నెత్తిన ఒక పావురం. వీధి మధ్యలో పట్టాల మీద ట్రాములు గంట కొట్టుకుంటూ పోతాయి. సన్నగా వాన, ఆగదు, పెరగదు. జనం గొడుగు లేకుండానే నిమ్మకు నీరెత్తినట్టు నడిచిపోతుంటారు. మా హోటలు గది నా కుట్టుకొట్లోని ట్రయల్ రూము కంటే కాస్త పెద్దది. రెండు మంచాలు వేసి, నడవాలనుకుంటే మంచాల మీద నుంచే నడవండి అన్నట్టు వదిలేశారు. పొద్దున కింద గదిలో రొట్టెలు, పళ్ళు, ఉడికించిన గుడ్లు. వదిన ఏమీ సరిగా తినలేదు. కాగితాలు ముందేసుకుని పెదవులు కదుపుతూ ఉండేది. ముప్ఫై ఏళ్ళు క్లాసుల్లో గొంతు చించుకున్న మనిషి, పావుగంట ఉపన్యాసాన్ని బట్టీ పడుతోంది.

"ఇంట్లో పులివి కదా, ఇక్కడేమైంది?" అన్నాను.

"ఇక్కడ అడవి నాది కాదు" అంది.

సభ మొదటి రోజు బ్యాడ్జీలు తగిలించుకుని, తోలు సంచులు పుచ్చుకుని, ఎవరికి తోచిన గదిలోకి వాళ్ళు దూరారు. వదిన వంతు రెండో రోజు ఉదయం. అందుకని మొదటి రోజు మధ్యాహ్నం మ్యూజియానికి వెళ్ళాం. ముందు వైపంతా ఎముకల ఏనుగులూ, పిల్లల గోలా. మమ్మల్ని వెనక వైపు తీసుకెళ్ళారు. నేల నుంచి కప్పు దాకా చెక్క బీరువాలు, అన్నింటా పల్చటి సొరుగులే. వాటిని చూసుకునే ఆయన పేరు నాకు నోరు తిరగలేదు, సొరుగులాయన అని పెట్టుకున్నాను. మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరుకు తోలు ముక్కలు వేసి ఉన్నాయి. కుట్టు చక్కగా ఉంది. ఆ కుట్టు చూసి మనిషి మంచివాడని నమ్మేశాను.

వదిన మాత్రల డబ్బా విప్పి గుల్లలు చూపించింది. పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోవడానికి మామూలు చెరువు నత్తల సొరుగు ఒకటి తెప్పించమని అడిగింది. అన్నయ్య ఫోటో కోసమే. పెద్ద నత్త పక్కన తన చిన్న నత్త నిలబడితే చూసి మురిసిపోతాడని.

ఆయన ఎప్పుడో నూరేళ్ళ కిందట మన దేశంలో ఎవరో ఏరిన గుల్లల సొరుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక పక్క ఉసిరికాయలంత గుల్లలు. ఇంకో పక్క గాజు గొట్టంలో ఆవగింజలంత గుల్లలు, తల్లి కడుపులో నుంచి తీసినవట. ఈ రెంటికీ మధ్య చిన్నా పెద్దా వరుసగా పేర్చి ఉన్నాయి. వదిన మన గుల్లను ఆ వరుస పక్కన పెట్టింది. నేను ఫోను తీశాను.

"ఆగు" అంది.

భూతద్దం తీసుకుని వంగింది. లేవలేదు. కాసేపటికి సొరుగులాయనను అడిగి మైక్రోస్కోపు తెప్పించుకుంది. ఆయన టీ పెట్టడానికి వెళ్ళాడు, టీ తెచ్చాడు, ఆ టీ చల్లారిపోయింది.

"ఏమైంది వదినా?"

"వరుస మధ్యలో ఉన్నవి చూడు."

చూశాను. గోరంత గుల్లలు. మూడు వరుసల నూగు, భుజం దగ్గర అంచు. వాటి తర్వాత కాస్త పెద్దవి, నూగు సగం రాలినవి. ఆ తర్వాత నున్నటివి. ఒకే నమూనాను చిన్నపిల్లకు, పెద్దపిల్లకు, తల్లికి కత్తిరించి వరుసగా తగిలించినట్టు ఉన్నాయి. నాకు కనబడింది. కనబడలేదన్నాను.

"పోలిక ఉన్నంత మాత్రాన ఏమైంది? మనిషిని పోలిన మనుషులు ఉండరా?"

"ఇవి దాని పిల్లలు. మామూలు నత్త పిల్లలు. మన వైపు మిగతా చెరువుల్లో ఈ నూగు పుట్టిన కొద్ది రోజులకే రాలిపోతుంది, అందుకే నాకు పట్టుబడలేదు. కొన్ని నీళ్ళలో గోరంత అయ్యేదాకా ఉంటుంది కాబోలు." అంతలోనే తల అడ్డంగా తిప్పింది. "కానీ మన చెరువులో పెద్దవి లేవు కదా. తల్లులే లేని చోట పిల్లలెక్కడ నుంచి వస్తాయి? లేవు. మీ అన్నయ్య అన్నేళ్ళు ఏరారు, ఒక్కటి లేదు."

ఆ ఒక్క మాటే ఆమెకు మిగిలింది. పెద్దవి లేకపోతే వదిన నత్త ఉన్నట్టు. ఉంటే లేనట్టు.

మ్యూజియం మెట్ల మీద, వాన పడని మూల చూసుకుని కూర్చున్నాం. వదిన ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"ఏమోయ్ మేడమ్‌గారూ! పెట్టారా సొరుగులో?" అన్నయ్య గొంతు ఖంగుమంది.

"పెడుతున్నారు. ఒకటి అడగాలి మిమ్మల్ని. మన చెరువులో పెద్ద నత్తలు ఎప్పుడైనా కనిపించాయా?"

"పెద్దవా? ఎందుకు కనిపించవు! చెయ్యి పెడితే ముందు అవే తగిలేవి."

వదిన కళ్ళు మూసుకుంది. "మరి తెచ్చారు కాదేం?"

"నువ్వేగా చెప్పావు. అన్ని నత్తలూ గుడ్లు పెడతాయి, ఈ రకం మాత్రం పిల్లల్ని కడుపులో మోసి కంటుందని. పెద్దదాన్ని తెచ్చానంటే నువ్వు తీసుకెళ్ళి సారా సీసాలో వేసి నిలవచేస్తావు. దాని కడుపులో ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? నాకు చేతులు రాలేదోయ్. పెద్దది తగిలితే మెల్లిగా నీళ్ళలో వదిలేసేవాణ్ణి. చిన్నవే ఏరుకొచ్చేవాణ్ణి. పొరపాటున కూడా ఒక్క తల్లిని తేలేదు, తెలుసా?"

తెలుసా అనడంలో ఎంత గర్వముందో చెప్పలేను. బ్యాంకులో అంత కాలం పనిచేసి ఒక్క లెక్క తప్పలేదని చెప్పేటప్పుడు కూడా అంత గర్వంగా చెప్పలేదు.

వదిన కళ్ళు తెరిచి ట్రాము వైపు చూసింది. "మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.

"వేసుకున్నా. ఫోటో ఏదీ?"

"పంపిస్తాం" అని పెట్టేసింది.

ఫోను సంచిలో వేసుకుంటూ వదిన అంది. "నేనెప్పుడూ అడగలేదు. పెద్దవి ఉన్నాయా అని ఒక్క మాట అడిగితే చెప్పేవారు. ఒక ఎండాకాలంలో నేనూ వెళ్ళాను. నీళ్ళు అడుగంటి ఉన్నాయి, గట్టున చిన్న గుల్లలే కనిపించాయి. సరే, అంతా ఇంతే అనుకుని వచ్చేశాను."

మళ్ళీ లోపలికి వెళ్ళి, మాత్రల డబ్బాలోని గుల్లల్ని సొరుగులాయన చేతికే ఇచ్చింది. ఆయన వాటిని ఆ వరుస మధ్యలో, తోటి పిల్లల పక్కన పెట్టాడు. అన్నయ్య పేరుతో ఇన్ని దేశాలు దాటి వచ్చినవి అక్కడ పేరు లేకుండా కూర్చున్నాయి. నేను ఫోటో తియ్యలేదు. వదిన తన ఫోనుతో సొరుగంతా ఫోటో తీసుకుంది. ఎందుకు తీసుకుందో నాకు అప్పుడే అర్థమైంది, నా ఒళ్ళు మండింది.

హోటలు గదికి రాగానే మొదలుపెట్టాను. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. అన్నేళ్ళలో నేను ఆ అధికారం వాడింది తక్కువే, ఆ సాయంత్రం మాత్రం పూర్తిగా వాడాను.

"రేపు ఆ సభలో ఈ సంగతి చెప్తావా?"

"చెప్పాలి."

"ఎందుకు చెప్పాలి? చెరువా, పూడ్చేశారు. తవ్వి చూసేవాడెవడు? తెలిసినవాళ్ళం నువ్వూ, నేనూ. అన్నయ్యకు తను చెప్పిందేమిటో తనకే తెలీదు. నేను నోరు విప్పను, నువ్వు విప్పకు. పావుగంట చదివేసి చప్పట్లు కొట్టించుకుని వచ్చెయ్యి."

"వాళ్ళు ఒక జీవి చచ్చిపోయిందని బాధపడుతున్నారు. అది చావలేదు. అసలు పుట్టనే లేదు. లేనిదాన్ని తలుచుకుని అందరి ముందూ నిలబడి ఏడవమంటావా?"

"నీ సత్యం నీకు బాగానే ఉంటుంది వదినా. నాలుగు రోజులు పోతే, ఎంత నిజాయితీ అని నిన్నే మెచ్చుకుంటారు. పోయేది అన్నయ్య పేరు. ఆయనకు ఇంకేముంది? ఇల్లా, పొలమా, పిల్లలా? ఆ గోరంత గుల్ల ఒక్కటే. అదీ నువ్వే ఇచ్చావు, నువ్వే లాక్కుంటానంటున్నావు. గుండె మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఈ కబురు వింటే అవి నిలుస్తాయా?"

పిల్లలా అన్నాను. అనకూడదని అన్నాక తెలిసింది. వదిన కిటికీ వైపు తిరిగింది. కింద వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ ఈల వేస్తున్నారు.

"నాకు కోపం లేదనుకుంటున్నావా?" అంది, అటు తిరిగే. "ఒక్క పెద్దది, ఒకే ఒక్కటి తెచ్చి ఉంటే నేను మొదటి రోజే తెలుసుకునేదాన్ని. నా చదువంతా, నేను రాసిందంతా దాని మీదే కట్టుకున్నాను. పునాది లేకుండా కట్టుకున్నాను. మొగుడు తెచ్చిన డబ్బా కదా అని కళ్ళు మూసుకుని నమ్మాను. ఇప్పుడు గట్టిగా అరవాలని ఉంది. ఎవరి మీద అరవను? ఆయన ఎందుకు వదిలేశారో నాకు తెలుసు. ఆ ఏడాది మా ఇంట్లో ఏం జరిగిందో నీకూ తెలుసు."

తెలుసు. అందుకే నేను కుక్కిన పేనులా మంచం మీద కూర్చుండిపోయాను. ఏడో నెల పోగొట్టుకున్న ఇంటి మగవాడు, ఆ తర్వాత వారం మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టి, కడుపుతో ఉన్న నత్త తగిలితే ఏం చేస్తాడు?

మర్నాడు వదిన వంతు వచ్చింది. సభ అంటే నేను వేలమందిని ఊహించుకున్నాను. తీరా చూస్తే అది మా పిల్లల స్కూలు క్లాసురూమంత గది. సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్ళలో సగం మంది ఒళ్ళో కంప్యూటర్లు పెట్టుకుని వేరే పనిలో ఉన్నారు. ఈ నలుగురి కోసమా మా అన్నయ్య పేరు తుడిచేసుకునేది అని మళ్ళీ మండింది. పోనీ నిజంగానే వేలమంది ఉంటే ఊరుకునేదాన్నా అంటే, అదీ లేదు.

తెర మీద మొదటి బొమ్మ పడింది. చెరువులో అన్నయ్య. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, డబ్బా పైకెత్తి పట్టుకుని, నల్లటి జుట్టుతో నవ్వుతున్నాడు. ఆ బొమ్మ పక్కన వదిన నిలబడి ఉండగా ఫోటో తీశాను. అన్నయ్య అడిగిన రెండింట్లో తీసింది అదొక్కటే.

వదిన కాగితాలు పక్కన పెట్టేసింది. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే, మెల్లిగా మాట్లాడితే అందుతుంది. ఆమె చాలా మెల్లిగా మాట్లాడింది. "ఈ జీవి గురించి చెప్పడానికి వచ్చాను. నిన్న మీ ఊరి మ్యూజియంలో చూశాక తెలిసింది, ఈ జీవి లేదు" అంది. సొరుగు బొమ్మ వేసి తల్లినీ పిల్లల్నీ వరుసగా చూపించింది. కంప్యూటర్లలో ఉన్న తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

అయ్యాక, మెడలో కళ్ళజోడు వేలాడేసుకున్న ఒకాయన చెయ్యెత్తాడు. అన్నేళ్ళు ఏరితే ఒక్క పెద్దదైనా దొరకలేదా, అదెలా జరిగింది అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నిన్నటి నుంచీ నేను ఆ ప్రశ్నకే భయపడుతున్నాను. వదిన తెర వైపు తిరిగింది. తన బొమ్మలను వెనక్కి నొక్కుతూ వెళ్ళి, మళ్ళీ అన్నయ్య దగ్గర ఆపింది. ఈ మనిషే కారణం అంటుందనుకున్నాను.

"దొరికేవి. నేను చూడలేదు. చెరువులో దిగవలసింది నేను, దిగలేదు. తప్పు నాది" అంది.

చప్పట్లు కొట్టారు. చిన్నగానే, అయినా కొట్టారు. అధ్యక్షుడు ఏదో మంచి మాట చెప్పాడు. వెంటనే తర్వాతి వక్త వచ్చి తన కంప్యూటరుకు వైరు తగిలించుకున్నాడు. తెర మీద అన్నయ్య మాయమై ఎవరివో కప్పలు ప్రత్యక్షమయ్యాయి.

వరండాలో కిటికీ దగ్గర కాగితం కప్పుల్లో కాఫీ పట్టుకుని నిలబడ్డాం. నా సంచిలో ఫోను మోగింది. అన్నయ్య. వదిన దాన్ని చూసింది గానీ చెయ్యి చాపలేదు. నేనే ఎత్తాను. ఏం చెప్పాలో పొద్దున్నే కుట్టి పెట్టుకున్నాను. అద్భుతం, అమోఘం, ఫోటో తర్వాత పంపిస్తా.

"ఏమే కత్తెరా! చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు."

"జనం వచ్చారా?"

"హాలు నిండిపోయింది."

"నా నత్త పోయిందంటే బాధపడ్డారా పాపం?"

అక్కడ తెగిపోయింది నా కుట్టు. అబద్ధాలు చెప్పలేనిదాన్ని కాను, జాకెట్టు రేపిచ్చేస్తానని ఎందరికి చెప్పలేదు? కానీ ఆ 'పాపం' అన్న మాట విన్నాక అబద్ధం నోట రాలేదు.

"పోలేదటన్నయ్యా" అన్నాను.

"ఆఁ?"

"పోలేదట. ఎక్కడ పడితే అక్కడ ఉందట. ప్రతి చెరువులోనూ ఉందట."

"ఉందా! బతికే ఉందా!" అంటూ ఒక్క కేక పెట్టాడు. వరండాలో ఉన్నవాళ్ళు మా వైపు తిరిగి చూశారు. "చూశావా, నేను చెప్పలేదూ? లారీలు మట్టి పోసినంత మాత్రాన..." అక్కడ ఆగిపోయాడు. అన్నయ్య గుమాస్తా. ఒక అంకె పక్కన ఇంకో అంకె పడితే కలపకుండా ఉండలేడు. "ప్రతి చెరువులోనా? ప్రతి చెరువులో ఉండేది మామూలు నత్త కదే?"

"అదేనట. మనవి దాని పిల్లలట."

గోడ గడియారం చప్పుడు నాకు ఫోనులో వినిపించింది.

"అంటే నేను వదిలేసినవి... వాటి తల్లులు."

"ఊఁ."

"అయితే పేరు ఉండదన్నమాట."

"ఉండదన్నయ్యా."

"ఆపరేషనుకు బల్ల మీద తోసుకుపోతుంటే నాకేం గుర్తొచ్చిందో తెలుసా? పోతే పోయాను, పుస్తకంలో ఉంటానులే అనుకున్నాను." ఊపిరి బరువుగా పీల్చాడు. నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను, అలా పట్టుకుంటే ఆయన గుండె ఆగకుండా ఉంటుందన్నట్టు. "సభలో అడిగి ఉంటారే. పెద్దవి ఎందుకు దొరకలేదని. మీ వదిన ఏం చెప్పింది?"

"తప్పు తనదే అంది."

"ఫోను దానికివ్వు" అన్నాడు.

ఇచ్చాను. వదిన కిటికీ వైపు తిరిగి చెవికి ఆనించుకుంది. ఆయన మాటలు నాకు వినబడలేదు. ఈమె ఏదో అడిగింది, విన్నది, ఊఁ అంది, మళ్ళీ విన్నది. బయట అదే సన్న వాన. తర్వాత ఏదో చెప్పి, ఫోను తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"ముందే తెలిసి ఉంటే ఏం చేసేవారని అడిగాను. తెలిసినా వదిలేసేవాణ్ణే అన్నారు. నీకు కోపంగా ఉందా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఉందన్నాను. చాలా ఉందన్నాను. ఇంటికొచ్చి తిడతాను, అందాకా మందులు మానకండి అన్నాను."

అని, కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, నా భుజం పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.